క్లోమంలో గడ్డ అంటే క్యాన్సరేనా? క్లోమ గ్రంథి క్షయను గుర్తించే విధానం

(రోగుల సహాయకుల కోసం ఆసుపత్రి హాలులో ఇచ్చిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



ఈ రోజు మీతో మాట్లాడబోయేది తరచుగా వచ్చే జబ్బు గురించి కాదు. చాలా అరుదుగా వచ్చే జబ్బు గురించి. అరుదైన దాని గురించి మాకెందుకు సిస్టర్ అని మీరు అడగవచ్చు. కారణం ఉంది. ఈ జబ్బు పైకి క్యాన్సరులా కనబడుతుంది. కానీ మందులతో నయమవుతుంది. క్యాన్సరే అనుకుని ఆశ వదులుకుని రోగిని ఇంటికి తీసుకుపోతే, బతకవలసిన మనిషిని పోగొట్టుకుంటాం. అలాగని నిజంగా క్యాన్సరు ఉన్న మనిషికి టి.బి. మందులు వేసుకుంటూ కూర్చుంటే, ఆపరేషన్‌కు వీలున్న సమయం దాటిపోతుంది. రెండు వైపులా నష్టమే. అందుకే మందు కంటే ముందు నిర్ధారణ ముఖ్యం. ఆ నిర్ధారణలో డాక్టర్లకు, మా నర్సులకు ఎంత పని ఉందో, రోగి పక్కన ఉండే మీకూ అంతే పని ఉంది.

క్లోమం ఎక్కడ ఉంటుంది?

క్లోమాన్ని ఇంగ్లీషులో పాంక్రియాస్ అంటారు. ఇది పొట్ట పైభాగంలో, జీర్ణాశయానికి వెనుక, వెన్నెముకకు ముందు అడ్డంగా ఉంటుంది. సుమారు 15 సెంటీమీటర్ల పొడవు. దీని తల భాగం చిన్నపేగు మొదటి వంపులో ఇమిడి ఉంటుంది. కాలేయం నుంచి పసరు తెచ్చే పిత్తనాళం ఈ తల భాగం గుండానే పేగులోకి వెళుతుంది. అందుకే క్లోమం తలలో గడ్డ వస్తే పసరు దారి మూసుకుపోయి పచ్చకామెర్లు వస్తాయి. క్లోమం రెండు పనులు చేస్తుంది. తిన్న తిండి అరగడానికి రసాలు తయారు చేస్తుంది. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ తయారు చేస్తుంది.

ఊపిరితిత్తుల జబ్బు పొట్టలోకి ఎలా వచ్చింది?

టి.బి. అనగానే మనకు దగ్గు, కళ్ళె గుర్తుకొస్తాయి. టి.బి. క్రిమిని కనుగొన్నట్టు రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న ప్రకటించారు. ఆ రోజునే ఇప్పుడు ప్రపంచ క్షయ దినంగా జరుపుకుంటున్నాం. ఆ క్రిమి ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే కాపురం పెడుతుంది. కానీ రక్తం ద్వారా, లింఫు గ్రంథుల ద్వారా శరీరంలో ఎక్కడికైనా పోగలదు. మెడలో బిళ్ళలు కట్టడం, వెన్నుపూస దెబ్బతినడం, పేగులకు, మెదడు పొరలకు టి.బి. రావడం మీలో కొందరు చూసే ఉంటారు. గోళ్ళకు, వెంట్రుకలకు తప్ప దేనికైనా రావచ్చని మేము చదువుకునేటప్పుడు చెప్పేవారు.

క్లోమానికి మాత్రం చాలా తక్కువ. క్లోమంలో ఊరే జీర్ణరసాలు ఆ క్రిమిని నిలవనివ్వవని డాక్టర్లు భావిస్తారు. 1944లో ప్రచురించిన ఒక పరిశీలనలో 1656 మంది టి.బి. రోగుల శవపరీక్షలను చూస్తే, క్లోమంలో జబ్బు కనబడినది 14 మందిలోనే. అయితే అప్పట్లో స్కానింగులు లేవు. ఇప్పుడు పొట్ట లోపలి భాగాలు స్పష్టంగా చూసే పరికరాలు వచ్చాయి గనుక, టి.బి. ఎక్కువగా ఉన్న మన దేశంలో డాక్టర్లు దీన్ని గుర్తిస్తున్నారు. చాలాసార్లు క్లోమం చుట్టూ ఉన్న లింఫు గ్రంథుల్లో మొదలై క్లోమానికి పాకుతుంది. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో, షుగరు జబ్బు ఉన్నవారిలో, ఒంట్లో శక్తి తగ్గినవారిలో టి.బి. వచ్చే అవకాశం ఎక్కువ. ఏ ఇబ్బందీ లేని యువకులకు కూడా రావచ్చు.

లక్షణాలు

పొట్ట పైభాగంలో నొప్పి, కొందరికి అది వీపులోకి పాకడం. సాయంకాలం పూట జ్వరం. రాత్రి చెమటలు. ఆకలి లేకపోవడం. రెండు మూడు నెలల్లోనే బట్టలు వదులైపోయేంతగా బరువు తగ్గడం. కొందరికి పచ్చకామెర్లు, ఒళ్ళంతా దురద, మలం సున్నంలా పాలిపోవడం.

ఇప్పుడు క్లోమం క్యాన్సరు లక్షణాలు చెప్పమంటే, జ్వరం ఒక్కటి పక్కనపెట్టి దాదాపు ఇదే జాబితా చెప్పాలి. ఇక్కడే చిక్కు. క్యాన్సరు ఎక్కువగా పెద్ద వయసువారికి వస్తుంది, టి.బి. ఎక్కువగా చిన్న వయసువారిలో కనబడుతుంది. కానీ వయసు చూసి జబ్బు తేల్చలేం. కొందరు టి.బి. రోగులకు జ్వరమే ఉండదు. దగ్గు కూడా ఉండకపోవచ్చు. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉండవచ్చు.

పచ్చకామెర్లు రాగానే మన ఊళ్ళలో చేసే పని మీకు తెలుసు. పసరు తాగిస్తారు, కొన్నిచోట్ల వాతలు పెడతారు. ఆపైన పత్యం అని నూనె, పప్పు, గుడ్డు అన్నీ మానిపిస్తారు. మామూలు వైరస్ కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి గనుక పసరు పనిచేసిందనుకుంటారు. దారి మూసుకుపోయి వచ్చిన కామెర్లకు పసరు ఏం చేస్తుంది? ఆ నెల రోజులూ వృథా అవుతాయి, పత్యంతో మనిషి ఇంకా నీరసించిపోతాడు. మలం తెల్లబడి, ఒళ్ళు దురద పెడుతుంటే ఆలస్యం చేయకుండా స్కానింగు చేయించాలి.

ఏ పరీక్ష ఎంతవరకు చెబుతుంది?

అల్ట్రాసౌండ్ స్కాన్: గడ్డ ఉందో లేదో, పిత్తనాళం ఉబ్బిందో లేదో చెబుతుంది. ఆ గడ్డ దేనిదో చెప్పలేదు. రిపోర్టు చివర "క్యాన్సరు కావచ్చు" అని రాసి ఉంటే అది అనుమానమే గాని తీర్పు కాదు.

సి.టి. స్కాన్: ఇంకా వివరంగా చూపిస్తుంది. గడ్డ మధ్యలో మెత్తబడి నీరులా ఉండి, అంచు మాత్రమే మెరుస్తూ కనబడడం, చుట్టూ లింఫు గ్రంథులు కూడా అలాగే కనబడడం టి.బి.ని తలపిస్తాయి. క్లోమం లోపలి నాళం బాగా ఉబ్బడం, రక్తనాళాలు నొక్కుకుపోవడం క్యాన్సరును తలపిస్తాయి. ఇవన్నీ సూచనలే. ఒక జబ్బు రెండో దాని వేషం వేసుకుని రావడం ఉంది.

సి.ఎ. 19-9 రక్త పరీక్ష: దీన్ని "క్యాన్సరు పరీక్ష" అని పిలుస్తారు. పసరు దారి మూసుకుపోయి కామెర్లు ఉన్నవారిలో క్యాన్సరు లేకపోయినా ఇది పెరుగుతుంది. అంకె ఎక్కువ వచ్చిందని ఏడవకండి. తక్కువ వచ్చిందని నిశ్చింతగానూ ఉండకండి.

మాంటూ చర్మ పరీక్ష: మన దేశంలో జబ్బు లేకపోయినా టి.బి. క్రిమి ఒంట్లో నిద్రపోతున్నవారు చాలామంది ఉన్నారు. వాళ్ళకూ చేతి మీద వాపు వస్తుంది. బాగా నీరసించినవారికి జబ్బు ఉన్నా వాపు రాకపోవచ్చు. దీన్నిబట్టి ఒక్కదానితో మందులు మొదలుపెట్టరు.

రక్తంలో టి.బి. యాంటీబాడీ పరీక్ష: దీని ఫలితం నమ్మదగినది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది. 2012లో మన కేంద్ర ప్రభుత్వం ఆ కిట్ల తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. ఎవరైనా ఒక్క రక్తపు బొట్టుతో టి.బి. తేలుస్తామంటే డబ్బు ఖర్చు పెట్టకండి.

హెచ్.ఐ.వి. పరీక్ష, షుగరు పరీక్ష: ఇవి టి.బి.ని తేల్చవు. కానీ టి.బి. అనుమానం ఉన్న ప్రతివారికీ చేయాలి. హెచ్.ఐ.వి. పరీక్ష అడిగారంటే రోగి నడవడిక మీద అనుమానం పడ్డారని కాదు. దయచేసి కోప్పడకండి.

ఛాతీ ఎక్స్‌రే, కళ్ళె పరీక్ష: ఊపిరితిత్తుల్లో కూడా జబ్బు ఉందేమో చూడడానికి. అక్కడ క్రిమి దొరికితే నిర్ధారణ సులువవుతుంది, ఇంట్లోవాళ్ళకు అంటకుండా జాగ్రత్తా తీసుకోవచ్చు.

ముక్క పరీక్ష

తీర్పు చెప్పేది గడ్డ నుంచి తీసిన ముక్క. మెడలోనో చంకలోనో బిళ్ళ ఉంటే డాక్టర్లు ముందు అక్కడి నుంచి తీస్తారు, అది సులువు. పొట్టలో నీరు చేరితే ఆ నీటిని పరీక్షిస్తారు. అవేవీ లేకపోతే క్లోమం నుంచే తీయాలి.

దీనికి పెద్ద ఆసుపత్రుల్లో ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ అనే పద్ధతి ఉంది. నోటి ద్వారా సన్నని గొట్టం జీర్ణాశయంలోకి పంపుతారు. గొట్టం కొసన చిన్న స్కానింగు పరికరం ఉంటుంది. క్లోమం జీర్ణాశయాన్ని ఆనుకునే ఉంటుంది గనుక గడ్డ దగ్గరగా కనబడుతుంది. స్కానులో చూస్తూనే సన్నని సూదితో గడ్డలోంచి కొద్దిగా తీస్తారు. పొట్ట కోయరు. మత్తు ఇస్తారు. పరగడుపున ఉంచాలి. రోగి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

"సూది తగిలితే గడ్డ పాకిపోతుందట కదా సిస్టర్?" అని చాలామంది అడుగుతారు. సూది వల్ల జబ్బు పాకడం చాలా అరుదు. నొప్పి, కొద్దిగా రక్తం రావడం, క్లోమం వాయడం కొద్దిమందిలో జరగవచ్చు. అందుకే పరీక్ష తర్వాత కొన్ని గంటలు కనిపెట్టి చూస్తాం. స్కానులో క్యాన్సరు స్పష్టంగా ఉండి, తీసివేయడానికి వీలుగా ఉంటే డాక్టర్లు సూది లేకుండా నేరుగా ఆపరేషన్‌కు వెళ్ళడమూ ఉంది. అనుమానం ఉన్నచోట మాత్రం ముక్క తీయకుండా ఊహించి వైద్యం చేయడమే ఎక్కువ ప్రమాదం. క్లోమం తలకు చేసే ఆపరేషన్ చిన్నది కాదు. క్లోమంలో కొంత భాగం, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం తీసేసి మళ్ళీ కలిపి కుట్టాలి. క్యాన్సరు అనుకుని అంత ఆపరేషన్ చేశాక, తీసిన గడ్డ టి.బి.ది అని తేలిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఎన్నో వచ్చాయి.

రెండు సీసాల సంగతి

ఈ ప్రసంగంలో ఒక్క మాట గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. ముక్కను ఒక ఊళ్ళో తీసి, ఇంకో ఊళ్ళో ల్యాబుకు మీ చేతికే ఇచ్చి పంపడం మన దగ్గర మామూలే. ముక్కను భద్రం చేయడానికి ఫార్మలిన్ అనే మందులో వేస్తారు. మైక్రోస్కోపు కింద కణాలు చూడడానికి అది మంచిదే. కానీ ఫార్మలిన్ క్రిములను చంపేస్తుంది. చచ్చిన క్రిమిని ల్యాబులో పెంచలేరు. అందుచేత టి.బి. అనుమానం ఉంటే ముక్కను రెండు సీసాల్లో వేయాలి. ఒకటి ఫార్మలిన్‌లో, రెండోది శుభ్రమైన మామూలు సెలైన్‌లో. సెలైన్ సీసాను ఎండలో, మోటారు సైకిలు డిక్కీలో పెట్టుకుని తిరగకండి. ఆ రోజే ల్యాబులో అందజేయండి. ముక్క తీయకముందే, "డాక్టరుగారూ, టి.బి. పరీక్షలకు కూడా పంపుతున్నారా?" అని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్నకు ఏ డాక్టరూ కోప్పడరు.

ల్యాబులో ఏం చేస్తారంటే, మొదట కణాలు చూస్తారు. టి.బి. అయితే గ్రాన్యులోమా అనే కణాల గుంపులు, మధ్యలో జున్నులా చితికిన పదార్థం కనబడతాయి. క్యాన్సరు అయితే క్యాన్సరు కణాలు కనబడతాయి. రెండోది, ప్రత్యేకమైన రంగు వేసి క్రిమి కోసం వెతుకుతారు. మూడోది, సీబీనాట్ లేక జీన్ ఎక్స్‌పర్ట్ అనే యంత్రంలో పెడతారు. అది సుమారు 2 గంటల్లో టి.బి. క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు ఆ క్రిమి లొంగుతుందో లేదో చెబుతుంది. మన దేశంలోనే తయారైన ట్రూనాట్ యంత్రం కూడా ఇదే తరహా. నాలుగోది కల్చర్, అంటే క్రిమిని పెంచి చూడడం. దీనికి 6 నుంచి 8 వారాల వరకు పట్టవచ్చు. రిపోర్టు ఆలస్యమైందని ల్యాబు మీద అనుమానపడకండి. ఆ క్రిమి పెరగడమే నెమ్మది.

క్రిమి దొరకకపోతే?

క్లోమం టి.బి.లో క్రిములు తక్కువ సంఖ్యలో ఉంటాయి. సూదిలోకి అవి రాకపోవచ్చు. కాబట్టి "నెగెటివ్" వస్తే టి.బి. లేదని అర్థం కాదు, క్యాన్సరు అనీ అర్థం కాదు. డాక్టర్లు ఇంకోసారి ముక్క తీయవచ్చు, అవసరమైతే లాప్రోస్కోపీ చేసి చూడవచ్చు. రెండోసారి పరీక్ష అన్నారంటే మొదటిసారి తప్పు చేశారని కాదు. అన్నీ చూశాక టి.బి. బలంగా అనిపిస్తే మందులు మొదలుపెట్టి కొన్ని వారాలకు మళ్ళీ స్కాన్ చేస్తారు. ఆ తేదీ తప్పకూడదు. గడ్డ తగ్గకపోతే మళ్ళీ ఆలోచించాలి.

ఇంకో జాగ్రత్త. క్లోమం వాపుల్లో కొన్నింటికి స్టెరాయిడ్ మందులు ఇస్తారు. టి.బి. ఉన్న మనిషికి ఒంటరిగా స్టెరాయిడ్ ఇస్తే జబ్బు రెచ్చిపోతుంది. జ్వరానికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని యాంటీబయోటిక్‌లు టి.బి.ని కొన్నాళ్ళు కప్పిపెడతాయి. ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలన్నీ, ఖాళీ అట్టలతో సహా, డాక్టరుకు చూపించండి.

దాచవద్దు

మా వార్డుకు ఒక తాపీ మేస్త్రీ వచ్చాడు. ముప్పై దాటి రెండేళ్ళు ఉంటాయి. కామెర్లు, క్లోమం తలలో గడ్డ. అన్నదమ్ములు అరెకరం అమ్మే మాట కూడా అనుకుంటున్నారు. ఇంట్లో ఎవరికైనా టి.బి. ఉందా అని అడిగితే అందరూ లేదన్నారు. ఆ రాత్రి అతని అక్క నీళ్ళ కుళాయి దగ్గర నన్ను ఆపి, "సిస్టర్, మా నాన్న నాలుగేళ్ళ కింద ఆరు నెలలు మందులు మింగాడు. చెల్లెలి పెళ్ళి కుదరదని ఎవరికీ చెప్పలేదు" అంది. ఉదయం రౌండ్సులో ఆ మాట డాక్టరుగారికి చేరింది. పంపబోయే ముక్క రెండు సీసాల్లోకి వెళ్ళింది. క్రిమి దొరికింది. అరెకరం అమ్మలేదు. ఆరు నెలల తర్వాత అతను మళ్ళీ పనిలోకి వెళ్ళాడు.

అందరి కథా ఇలాగే ముగియదు. ఎక్కువమందిలో క్లోమంలో గడ్డ క్యాన్సరుగానే తేలుతుంది, అది చెప్పకపోతే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. కానీ తేలకముందే తేల్చుకోకండి. ఇంట్లో టి.బి. ఉన్నవారిని, గతంలో సగంలో ఆపేసిన మందులను, మెడలో బిళ్ళలను, సాయంత్రపు జ్వరాన్ని దాచవద్దు. అందరి ముందు చెప్పలేకపోతే నర్సుకు చెవిలో చెప్పండి.

మందులు మొదలయ్యాక

మందుకు లొంగే టి.బి.కి జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంలో మందులు ఉచితం. రోజూ వేసుకోవాలి. మొదటి 2 నెలలు నాలుగు రకాలు, తర్వాత 4 నెలలు మూడు రకాలు. అవసరాన్నిబట్టి డాక్టరు పొడిగించవచ్చు. రెండు మూడు వారాల్లో జ్వరం తగ్గి ఆకలి పుడుతుంది. బాగయిందని ఆపితే క్రిమి మొండికేస్తుంది. మూత్రం నారింజ రంగులో వస్తే భయపడకండి, అది మందు రంగు. కానీ వాంతులు, కొత్తగా కామెర్లు, చూపు మసకబారడం, రంగులు తేడాగా కనబడడం జరిగితే వెంటనే తీసుకురండి. షుగరు మాత్రలు, కుటుంబ నియంత్రణ మాత్రలు వాడేవారు ముందే చెప్పాలి, టి.బి. మందు వాటి బలాన్ని తగ్గిస్తుంది.

కామెర్లకు పిత్తనాళంలో ప్లాస్టిక్ స్టెంట్ వేసి ఉంటే దాన్ని సుమారు మూడు నెలలకు తీయించాలి లేదా మార్పించాలి. ఒంట్లో బాగుంది కదా అని మరచిపోతే అది పూడుకుపోయి చలిజ్వరం, చీము వస్తాయి. ఇంట్లో గోడ క్యాలెండరు మీద ఆ తేదీ రాసిపెట్టుకోండి.

పత్యాలు వద్దు. గుడ్డు, పప్పు, పాలు, చేప, వేరుశనగలు పెట్టండి. పోషకాహారానికి నిక్షయ్ పోషణ్ యోజన కింద ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేశారు. రోగి పేరు నమోదు చేయించి, బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వండి.

మీరు అడిగే ప్రశ్నలు

ఇది అంటుతుందా? క్లోమంలో మాత్రమే ఉంటే గాలి ద్వారా అంటదు. కంచం, గ్లాసు వేరు పెట్టనక్కరలేదు. ఊపిరితిత్తుల్లో కూడా ఉంటే మూతికి గుడ్డ కట్టుకోవాలి, ఇంట్లో అందరూ, ముఖ్యంగా చిన్నపిల్లలు, పరీక్ష చేయించుకోవాలి.

వంశపారంపర్యమా? కాదు. ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చిందంటే గాలి ద్వారా వచ్చిందే.

పెళ్ళి చేయవచ్చా? మందులు పూర్తిచేసి నయమైన మనిషికి పెళ్ళి చేయడానికి ఏ అడ్డూ లేదు.

పూర్వం మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో టి.బి. రోగులు నెలల తరబడి, మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి మీదే ఆధారపడి ఉండేవారు. ఆ రోజుల్లో మందు లేదు. ఇప్పుడు మందు ఉంది, అదీ ఉచితంగా. ఇప్పుడు కావలసింది జబ్బు పేరు సరిగ్గా తెలుసుకోవడం. ఆ పేరు తెలిసేదాకా ఓపిక పట్టండి, పరీక్షకు సహకరించండి, దాచకుండా చెప్పండి. రిపోర్టు అర్థం కాకపోతే మా డ్యూటీ గదికి రండి, ఏ వేళయినా సరే. కూర్చోబెట్టి చదివి చెబుతాం.